ఓటరు అలిగితే

పార్టీ మారిన నాయకుల పేర్లు చెప్పమంటే మీరు ఊపిరి తీసుకోకుండా ఓ పాతిక చెప్పేస్తారు. ఎవరు ఏ రోజున ఏ కండువా కప్పుకున్నారో, ఫోటోలో పక్కన నిలబడి నవ్వింది ఎవరో కూడా మీకు గుర్తే. మరి పార్టీ మారిన ఓటర్ల పేర్లు చెప్పండి చూద్దాం. మీ వీధిలోనే ఉంటారు, ఆ మాటకొస్తే మీ ఇంట్లోనే ఉండొచ్చు. అయినా తెలియదు. ఓటరుకి కండువా కప్పేవాళ్ళు ఎవరున్నారు? ముప్పై ఏళ్ళుగా ఒకే గుర్తుకి వేసిన మనిషి ఓ ఉదయం వరసలో నిలబడతాడు, లోపలికెళ్ళి వేరే మీట నొక్కుతాడు, వేలి మీద సిరాతో ఇంటికొచ్చి అన్నం తింటాడు. పెళ్ళాంతో కూడా చెప్పడు.

ఒక పెద్ద పార్టీని వదిలినవాడు మామూలుగా అయితే రెండో పెద్ద పార్టీకి పోతాడు. అందులో వింతేమీ లేదు. ఇవాళ నేను మీతో ముచ్చటించాలనుకున్నది మరో రకం మనుషుల గురించి. రెండు పెద్ద పార్టీలకీ దణ్ణం పెట్టేసి, ‘అసలు సర్కారే ఇంత పెద్దది అక్కర్లేదు’ అనే పార్టీ గడప తొక్కేవాళ్ళు. వీళ్ళ సిద్ధాంతానికి లిబర్టేరియనిజం అని పేరు. నా సంపాదన నాది, నా పొలం నాది, నా ఒళ్ళు నాది, పక్కవాడికి హాని చెయ్యనంతవరకు నా జోలికి ఎవరూ రావద్దు అంటుందది. పోలీసులు, కోర్టులు, సరిహద్దులో సైన్యం ఉంటే చాలు, మిగతావి మేం చూసుకుంటాం అంటుంది.

వినడానికి బాగుంది కదూ? మరి రేషన్ బియ్యం, పింఛను, పెద్దాసుపత్రి మాటేమిటని అడిగి చూడండి. అక్కడే సగం మంది కుర్చీలు ఖాళీ చేస్తారు. అందుకే ఇలాంటి పార్టీలు లోకంలో చాలా చోట్ల పుట్టాయి గాని పెద్దవి కాలేదు, ఒక్క చోట తప్ప. అక్కడికి కాస్సేపట్లో వెళదాం.

ఇంతకీ జనం ఎందుకు వెళతారు? ఆ పార్టీల పెద్దల్ని అడిగితే మీ ముందు పుస్తకాలు పేరుస్తారు. హాయక్ ఇలా అన్నాడు, ఫ్రీడ్‌మన్ అలా అన్నాడు, అయిన్ రాండ్ నవల చదివితే కళ్ళు తెరుచుకున్నాయి అంటారు. నాకైతే నమ్మకం లేదు. పుస్తకం చదివి పార్టీ మారినవాళ్ళు ఉంటారు, కాదనను. వాళ్ళంతా కలిసి ఓ చిన్న హాలు నింపగలరు. మిగతావాళ్ళు అలిగి వెళ్ళినవాళ్ళే. పుస్తకం తర్వాత వస్తుంది. అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడు కూడా స్కూటరు ధర ఎంతో కనుక్కుని ఎక్కడు కదా, ముందు మూతి ముడుస్తాడు, ఏం కావాలన్నది తర్వాత ఆలోచిస్తాడు.

ఊరికే అంటున్నాననుకుంటారేమో, కథలు చెబుతాను.

1971 ఆగస్టు 15. మనకి జెండా పండుగ. అమెరికాలో ఆ రాత్రి అధ్యక్షుడు నిక్సన్ టీవీలో కనిపించి, దేశమంతా ధరలు, జీతాలు 90 రోజుల పాటు ఉన్నచోటే ఉండాలని ప్రకటించాడు. డాలరుకి బంగారంతో ఉన్న ముడి కూడా అదే ప్రసంగంలో విప్పేశాడు. ఏ కమ్యూనిస్టు దేశంలోనో అయితే ఎవరూ ఉలిక్కిపడేవారు కారు. నిక్సన్ రిపబ్లికన్. వ్యాపారం జోలికి సర్కారు పోకూడదని ఊరూరా చెప్పుకుని ఓట్లడిగే పార్టీ అది. కొలరాడోలో డేవిడ్ నోలన్ అనే కుర్రాడు స్నేహితులతో కలిసి ఆ ప్రసంగం చూశాడు. 1964లో గోల్డ్‌వాటర్ కోసం తిరిగిన కార్యకర్త అతను. మన పార్టీయే ఈ పని చేస్తే ఇంక ఎవరికి చెప్పుకుంటామని వాళ్ళ బాధ. ఆ డిసెంబరుకల్లా లిబర్టేరియన్ పార్టీ పెట్టేశారు.

మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో జాన్ హాస్పర్స్ అనే తత్వశాస్త్ర ప్రొఫెసర్‌ని నిలబెట్టారు. వచ్చిన ఓట్లు 3,674. మన దగ్గర వార్డు మెంబరు కూడా నవ్వుకునే లెక్క. అయితే ఒక తమాషా జరిగింది. అక్కడ అధ్యక్షుణ్ణి చివరికి ఎన్నుకునేది ఎలక్టర్లనే ప్రతినిధులు. నిక్సన్‌కి వెయ్యాల్సిన వర్జీనియా ఎలక్టరు రోజర్ మెక్‌బ్రైడ్ అడ్డం తిరిగి తన ఓటు ఈ ప్రొఫెసరుకి వేశాడు. ఉపాధ్యక్ష పదవికి ఆ పార్టీ నిలబెట్టిన టోనీ నేథన్ అనే ఆవిడకి రెండో ఓటు వేశాడు. అమెరికా చరిత్రలో ఎలక్టోరల్ ఓటు పొందిన మొదటి మహిళ ఆవిడే. పెద్ద పార్టీలు రెండూ కలిసి అంతవరకూ చెయ్యని పని, నాలుగు వేల ఓట్లు కూడా రాని పార్టీ ఒక అలిగిన మనిషి పుణ్యమా అని చేసింది.

టెక్సాస్‌లో మన దేశపు ఆడవాళ్ళకి బాగా అర్థమయ్యే తగాదా ఒకటి నడిచింది. దారంతో కనుబొమలు తీర్చడం మన బ్యూటీపార్లర్లలో ఎంత మామూలో మీకు తెలుసు. ఒక దారం, కాస్త చేతినేర్పు ఉంటే చాలు. ఆ పని చేసి డబ్బు తీసుకోవాలంటే 750 గంటల సౌందర్య శిక్షణ, దాని మీద లైసెన్సు కావాలంది ఆ రాష్ట్రం. ఆ గంటల్లో సగానికి దగ్గర, దారం పనికి ఏమాత్రం సంబంధం లేని పాఠాలు. కోర్టుకెక్కితే 2015లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఈ షరతు చెల్లదని కొట్టేసింది. దారం పట్టుకున్న ఆ చెయ్యి ఏ పార్టీకి ఓటేసిందో నాకు తెలియదు. కానీ ‘సర్కారుకి నా దారంతో ఏం పని’ అని ఒక్కసారి అనుకున్న మనిషికి హాయక్ గురించి చెప్పక్కర్లేదు. సగం దారి తనే నడిచేసింది.

ఇక 2016. ఒకవైపు ట్రంప్, మరోవైపు హిల్లరీ క్లింటన్. ఇద్దరూ నచ్చనివాళ్ళు కోకొల్లలు. లిబర్టేరియన్ల తరఫున నిలబడ్డ గ్యారీ జాన్సన్ న్యూమెక్సికోకి రెండుసార్లు రిపబ్లికన్ గవర్నరుగా చేసినవాడు. ఆయనకి దాదాపు 45 లక్షల ఓట్లొచ్చాయి, వందకి మూడుకి పైమాటే. ఆ పార్టీకి అంతకుముందెన్నడూ అన్ని రాలేదు, తర్వాతా రాలేదు. 2020లో 18 లక్షల చిల్లరకి, 2024లో ఆరున్నర లక్షలకి దిగిపోయాయి. మరి ఆ 45 లక్షల మంది ఏమయ్యారు? నాలుగేళ్ళలో సిద్ధాంతం మరిచిపోయారా? అందులో ఎక్కువమందికి మొదట్నుంచీ సిద్ధాంతం లేదు. ఉన్నది ఇద్దరి మీదా కోపం. తర్వాత ఎన్నికల నాటికి ఆ ఇద్దరిలో ఒకరి మీద భయం కోపాన్ని మించిపోయింది, వెనక్కి వెళ్ళిపోయారు. పైగా అక్కడ పద్ధతి కూడా మనలాంటిదే, ఎక్కువ ఓట్లొచ్చినవాడిదే సీటు. వందకి మూడు తెచ్చుకున్నవాడికి దక్కేది ఓట్లు చీల్చాడన్న చెడ్డపేరు.

ఈ పార్టీలో నాకు నచ్చిన ఆచారం ఒకటుంది. మనకి సుప్రీంకోర్టు 2013లో ఇప్పించిన నోటా, వాళ్ళ పార్టీ లోపలి ఎన్నికల్లోనే ఉంటుంది. 2024లో వాళ్ళు అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకుంటుంటే, రౌండ్ల మీద రౌండ్లు గడిచి అందరూ రాలిపోయాక, చివరి పోటీ చేజ్ ఆలివర్ అనే ఆయనకీ నోటాకీ మధ్య జరిగింది. ఆయనే గెలిచాడు లెండి. అదే సభకి ట్రంప్ వచ్చి మీ ఓట్లు నాకివ్వండని అడిగితే గోల చేసి ఎగతాళి చేశారు. ఆయనేం తక్కువ తిన్నాడా, మీ మూడు శాతం మీరే ఉంచుకోండన్నట్టు మాట్లాడి, అదే ప్రసంగంలో వాళ్ళకి ప్రాణసమానమైన ఒక ఖైదీని విడిపిస్తానని మాటిచ్చాడు. గద్దెనెక్కిన మర్నాడే, 2025 జనవరి 21న, ఆ ఖైదీ రాస్ ఉల్‌బ్రిక్ట్‌కి క్షమాభిక్ష పెట్టాడు. పెద్ద పార్టీకి చిన్న పార్టీతో ఉండే సంబంధం ఇదే. ఇల్లు మొత్తం కొననక్కర్లేదు, ముంగిట్లో ఉన్న ఒక్క వస్తువు పట్టుకుపోతే చాలు.

సరే, ఆ ‘ఒక్క చోటు’ ఏదో చెబుతానన్నాను కదా. అర్జెంటీనా. 2023 నవంబరు 19న హావియెర్ మిలేయ్ అక్కడ వందకి 56కి దగ్గరగా ఓట్లు తెచ్చుకుని అధ్యక్షుడయ్యాడు. రంపపు మిషను పట్టుకుని ఊరేగుతూ, చాలా మంత్రిత్వ శాఖల్ని కోసేస్తానని చెప్పి మరీ గెలిచాడు. ఓడిపోయింది ఎవరనుకున్నారు? ఆ సమయానికి దేశపు ఆర్థిక మంత్రిగా ఉన్న సెర్జియో మస్సా. ఆ ఏడాది ధరలు 211 శాతం పెరిగాయి. జనవరిలో వంద పెసోలున్న సరుకు డిసెంబరుకి మూడొందల పైన పలికింది. జీతం చేతికొచ్చిన రోజే సరుకులు కొనకపోతే మర్నాటికి తక్కువ వస్తాయన్న మాట. ఆ ధరలకి జవాబు చెప్పాల్సిన మంత్రే వచ్చి ఓటు వెయ్యమంటే జనం ఏం చేస్తారు?

దానికి ముందు ఇంకో పుండు ఉంది. 2020లో కరోనా కట్టడి అక్కడ నెలల తరబడి సాగింది. రోజు కూలికి పోయేవాడు, బండి మీద డెలివరీలిచ్చే కుర్రాడు ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. అప్పుడే, ఎవరింట్లోనూ విందులు చేసుకోకూడదన్న రోజుల్లోనే, అధ్యక్షుడి అధికార నివాసంలో ఆయన సహచరి పుట్టినరోజు విందు జరిగింది. ఆ ఫోటో 2021 ఆగస్టులో బయటికొచ్చింది. అదే ఏడాది నవంబరులో మిలేయ్ మొదటిసారి పార్లమెంటుకి గెలిచాడు. ఫోటో ఒక్కటే గెలిపించిందనను. కానీ పని పోగొట్టుకున్నవాడు ఆ బల్లచుట్టూ నవ్వుతున్న మొహాల్ని చూసి ఏమనుకుని ఉంటాడో మీరే ఊహించుకోండి.

మిలేయ్ తన కుక్కలకి మిల్టన్, మర్రే, రాబర్ట్, లూకాస్ అని ఆర్థికవేత్తల పేర్లు పెట్టుకున్నాడు. ఆయనకి ఓటేసిన కోటీ నలభై ఐదు లక్షల మందిలో ఆ పేర్లు ఎవరివో తెలిసినవాళ్ళు ఎందరుంటారు? తెలియక్కర్లేదు కూడా. పెసో కరిగిపోతోందని తెలిస్తే చాలు. ఆయన వచ్చాక మొదటి ఆరు నెలల్లో పేదరికం 53 శాతానికి ఎగబాకింది, ఆ తర్వాతి ఆరు నెలల్లో 38కి దిగింది. ధరల పరుగు బాగా తగ్గింది. 2025 అక్టోబరు ఎన్నికల్లో ఆయన పార్టీయే ముందు నిలిచింది. బాధ తీరుస్తాడన్న నమ్మకం ఉన్నంతకాలం జనం ఉంటారు. సిద్ధాంతం కోసమైతే ఒక్క పూట కూడా ఆగరు.

ఇక్కడ మీకో సందేహం రావాలి. బాధపడ్డవాళ్ళంతా ఇటే వస్తారా? రారు. మన కథే చూడండి. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యకి జరిగిన అవమానం తెలుగువాళ్ళ గుండెల్లో గుచ్చుకుంది. మరుసటి నెలలో ఎన్టీఆర్ పార్టీ పెట్టారు, తొమ్మిది నెలల్లో గద్దెనెక్కారు. తరతరాలుగా కాంగ్రెసుకి వేసిన చేతులు ఒక్కసారిగా సైకిలు వైపు తిరిగాయి. కానీ ఆ జనం వెళ్ళింది చిన్న సర్కారు దగ్గరికి కాదు, కిలో రెండు రూపాయల బియ్యం ఇస్తానన్న పెద్ద సర్కారు దగ్గరికి. ఎందుకంటారు? నాకు తోచింది చెబుతాను. సర్కారు వల్ల కలిగే బాధలు రెండు రకాలు. పట్టించుకోలేదనే బాధ ఒకటి. అనవసరంగా వేలు పెట్టిందనే బాధ ఇంకొకటి. మొదటిది పడ్డవాడు పెట్టేవాణ్ణి వెతుక్కుంటాడు. రెండోది పడ్డవాడు ‘నన్నొదిలేస్తే చాలు’ అనేవాడి దగ్గరికి పోతాడు. పేదదేశాల్లో మొదటి బాధే ఎక్కువ. అర్జెంటీనాలో నోట్లు అచ్చేసీ అచ్చేసీ సర్కారు పేదవాడి జేబులో కూడా వేలు పెట్టింది కాబట్టి అక్కడ లెక్క తిరగబడింది.

వేలు పెట్టిందనే బాధ మనకి తెలియదనుకోకండి. దాని మీదే ఒక జాతీయ పార్టీ పుట్టింది, దానికి మొదటి అధ్యక్షుడు గుంటూరు జిల్లా నిడుబ్రోలు మనిషి.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయం మీద తీర్మానం చేసింది. భూములన్నీ కలిపి సాగు చెయ్యాలి, యాజమాన్యం రైతుదే, పండినదాంట్లో భూమిని బట్టి వాటా. కాగితం మీద చూస్తే తప్పేమీ కనిపించదు. కానీ గట్టు రెండడుగులు జరిగిందని అన్నదమ్ములు కోర్టుల చుట్టూ తిరిగే ఊళ్ళలో, ఇకమీదట గట్టే ఉండదంటే ఎలా ఉంటుంది? అప్పటికి కాంగ్రెసు పార్లమెంటరీ పార్టీ కార్యదర్శిగా ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా రాజీనామా పారేసి బయటికొచ్చారు. ఆ జూన్‌లో మద్రాసులో స్వతంత్ర పార్టీ పుట్టింది. వెనకాల రాజాజీ. అప్పటికి ఆయనకి 80 ఏళ్ళు. ఆ వయసులో ఎవరైనా మనవలతో ఆడుకుంటారు, ఆయన నెహ్రూతో తలపడ్డాడు. ‘పర్మిట్ లైసెన్స్ రాజ్’ అన్న పేరు జనం నోట నానింది ఆయన పుణ్యమే.

ఇప్పుడు ఆ పార్టీలో చేరినవాళ్ళని వరసగా నిలబెట్టి చూడండి, అలిగి వెళ్ళినవాళ్ళే అని ఎందుకన్నానో తెలుస్తుంది. రంగాగారు 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు దాని ప్రధాన కార్యదర్శి, జమీందారీల మీద పోరాడిన మనిషి. పార్టీ ప్రధాన కార్యదర్శి మినూ మసానీ ఒకప్పుడు కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ పెట్టినవాళ్ళలో ఒకడు. వాళ్ళ పక్కనే జైపూర్ మహారాణి గాయత్రీదేవి, 1962లో లక్షా తొంభై వేల పైచిలుకు ఓట్లతో గెలిచింది. జమీందారీలు పోయిన రాజావార్లూ ఉన్నారు, లైసెన్సు కోసం ఢిల్లీలో చెప్పులరిగిన బొంబాయి వ్యాపారులూ ఉన్నారు.

మన శ్రీకాకుళం సర్దార్ గౌతు లచ్చన్నగారి సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. ఆయన గీత కార్మికుల మనిషి. మద్యనిషేధం పేరుతో సర్కారు తాడిచెట్టు ఎక్కేవాడి పొట్ట కొడుతోందని సత్యాగ్రహం నడిపాడు. ఆ కల్లు గొడవ మీదే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో కూలింది. అలాంటి లచ్చన్నగారు ఆంధ్రలో స్వతంత్ర పార్టీకి పెద్ద దిక్కయ్యారు. మరి ఆ పార్టీ పెద్ద రాజాజీ ఎవరు? 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం తెచ్చి దేశానికే దారి చూపించినాయన! కల్లు ముంత, నిషేధం ఒకే గొడుగు కిందికి ఎలా వచ్చాయి? మూల సూత్రాలు తప్ప మిగతా విషయాల్లో ఎవరి మనస్సాక్షి ప్రకారం వాళ్ళు ఓటేసుకోవచ్చని ఆ పార్టీ నియమం. ఒకరికి పొలం, ఒకరికి తాడిచెట్టు, ఒకరికి కోట, ఒకరికి కార్ఖానా. ఎవరి నొప్పి వారిది, వేలు పెట్టింది మాత్రం ఒకరే.

ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఆ పార్టీకి 1962లో 19, 1967లో 29 సీట్లొచ్చాయి. లోక్‌సభలో 18 నుంచి 44కి పెరిగి ప్రతిపక్షాల్లోకెల్లా పెద్దదైంది. 1971లో ఎనిమిదికి పడిపోయింది. 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. దాని నాయకుడు చరణ్‌సింగ్. నాగపూర్ తీర్మానాన్ని ఆ సభలోనే నిలబడి ఎదిరించి, అయినా అప్పుడు కాంగ్రెసు వదలని మనిషాయన.

ఎందుకు పడిపోయిందంటే ఇందిరాగాంధీ హవా అంటారు, ‘గరీబీ హటావో’ అంటారు. నిజమే. దాంతోపాటు ఇంకోటి కూడా జరిగింది. నాగపూర్ తీర్మానం అటకెక్కింది. ఉమ్మడి సాగు ఏ ఊళ్ళోనూ బలవంతంగా రాలేదు, గట్లు గట్లలాగే ఉన్నాయి. పైగా కొత్త వంగడాలొచ్చాయి, ధాన్యానికి సర్కారే మద్దతు ధర ఇవ్వసాగింది. రైతుకి అలక తీరిపోయింది. అలక తీరినవాడు ఇంకా పాన్పు మీద ఎందుకు కూర్చుంటాడు? రంగాగారే కొన్నేళ్ళకి కాంగ్రెసు గూటికి చేరి, 1980 నుంచి వరసగా మూడుసార్లు గుంటూరు నుంచి గెలిచారు.

1991 జులై 24న, పద్దెనిమిది పరిశ్రమలు తప్ప మిగతా అన్నిటికీ లైసెన్సు అక్కర్లేదని పారిశ్రామిక విధానం ప్రకటించింది ఎవరు? కాంగ్రెసే. ప్రధాని పి.వి. నరసింహారావు. ముఖ్యమంత్రిగా భూసంస్కరణల కోసం పట్టుబట్టిన ఆ పీవీయే. రాజాజీ పోయి అప్పటికి పద్దెనిమిదేళ్ళు దాటింది. రంగాగారు మాత్రం చూశారు.

కాబట్టి నా తీర్పు ఇది. ఇలాంటి పార్టీలు ఓడిపోయాయని ఓట్ల లెక్క చూసి అనకండి. పెద్ద పార్టీ భయపడి వేలు వెనక్కి తీసుకుందా లేదా చూడండి. తీసుకుంటే చిన్న పార్టీ పని అయిపోయినట్టే, దుకాణం మూసుకున్నా ఫర్వాలేదు. తీసుకోకపోతే ఏదో ఒక రోజు అర్జెంటీనా అవుతుంది, అప్పుడు పెద్ద పార్టీలే చిన్నవవుతాయి. పార్టీ పెద్దలకి నా మనవి కూడా ఇదే. ఓటరు మిమ్మల్ని వదిలితే ఎవరు ఎత్తుకుపోయారని వెతక్కండి, ఆ ఏడాది మీరు ఏం చేశారో వెతకండి.

ఇక మీకో మాట. అమెరికాలో ఉన్న మీ అబ్బాయో, మీ ఎదురింటాయనో ‘నేను లిబర్టేరియన్ని’ అంటే, హాయక్ ఏమన్నాడని వాదనకి దిగకండి. కుర్చీ దగ్గరకి లాక్కుని, ‘ఏం జరిగిందండీ?’ అని అడగండి. రెండో కాఫీకల్లా అసలు సంగతి చెప్పేస్తారు.